అన్నము కండరబలమగు విధము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనల చరిత్ర

బీదరు జిల్లాలోని మంగళగి ప్రాంతమున రైతు ప్రొద్దున చేనికి బోవునపుడు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల కారము మూటగట్టుకొని పోవును. ఎండ నడినెత్తికి వచ్చువరకు గుంటక తోలి, ఒక చెట్టునీడ కూర్చుండి ఆ మూట విప్పును. అతని చేతిలోని బలము ఆ రొట్టెనుండియే వచ్చినదని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కాని రొట్టె ఏ మార్గమున పోయి, ఎచ్చట ఆగి, ఏ రూపముదాల్చి గుంటక లాగు బలముగా మారుచున్నదన్న ప్రశ్న మాత్రము సులభమైనది కాదు. ఐరోపాఖండపు విద్వాంసులు దాదాపు నూరేండ్లు ఆ ప్రశ్నతో పెనుగులాడిరి. దాని సమాధానమున ఒక ముఖ్యమైన ముడిని విప్పినవారిలో ఒకరు తెలుగువారు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారి పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. అయినను ఆయనను స్మరించునపుడు ఔషధములను గూర్చి చెప్పుటయే పరిపాటి. కండరమును గూర్చి ఆయన చేసిన పని ఒక వాక్యముతో దాటిపోవుచున్నది. ఆ ఒక వాక్యము కూడ తరచు తప్పుగానే యుండును. ఆయన జీవితమున రెండు అవయవములు ప్రధానపాత్ర వహించినవి. ఒకటి ప్రేగు, రెండవది కండరము. తిన్న అన్నమును గ్రహించునది మొదటిది. దానిని వ్యయించి పనిచేయునది రెండవది. ఆయన కుటుంబమునకు తీరని దుఃఖము ప్రేగువలన కలిగినది. ఆయనకు కీర్తి మొదట కండరమువలన కలిగినది. ఈ రెంటిని కలిపి చూచినగాని ఆ చరిత్ర పూర్తికాదు.

సుబ్బారావుగారికి పూర్వము ఈ విషయమున ఏ అభిప్రాయములు ప్రబలియుండెనో కొంత తెలిసికొనవలెను. 1832లో ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ మాంసపుసారమునుండి ఒక క్రొత్త పదార్థమును వేరుచేసి, మాంసమను అర్థముగల గ్రీకుశబ్దమునుండి దానికి క్రియాటిన్ అని పేరిడెను. జర్మనుదేశపు లీబిగ్ 1847 ప్రాంతమున, బోనులో పెంచిన నక్క మాంసమునకంటె వేటలో పరుగెత్తి చచ్చిన నక్క మాంసమున ఈ క్రియాటిన్ మిక్కిలి హెచ్చుగా నున్నదని వ్రాసెను. కండరము పనిచేయుటకును ఈ పదార్థమునకును ఏదో సంబంధము కలదన్న సూచన అప్పుడే వెలువడినది. కాని దాని అర్థము ఎనుబదియేండ్లవరకు ఎవరికిని తెలియలేదు.

ఈ లీబిగ్ పండితుడే మరియొక సిద్ధాంతమును ప్రతిపాదించెను. కండరము పనిచేయునపుడు తన మాంసకృత్తులనే దహించుకొనుననియు, అందుచేత కష్టజీవికి మాంసకృత్తులే ప్రధానమైన ఆహారమనియు ఆయన వాదము. స్విట్జర్లాండులోని ఫిక్, విస్లిసెనస్ అను ఇరువురు ఆచార్యులు దీనిని తమ శరీరములమీదనే పరీక్షించిరి. 1865లో వారు మాంసకృత్తులు లేని ఆహారమును, అనగా పిండివంటలను, క్రొవ్వును, చక్కెర కలిపిన తేనీటిని మాత్రమే పుచ్చుకొని ఫౌల్‌హార్న్ పర్వతమును సుమారు రెండువేల మీటర్ల ఎత్తు ఎక్కిరి. ఆ కాలమున విసర్జింపబడిన మూత్రములోని నత్రజనిని కొలిచి, దహింపబడిన మాంసకృత్తు ఎంతయో లెక్కగట్టిరి. అది వారి దేహములను కొండపైకి మోయుటకు ఏమాత్రమును చాలదని తేలినది. పిండిపదార్థములును క్రొవ్వులును కండరమునకు ఇంధనములని ఆనాడే రుజువైనది. జొన్నరొట్టె తిను రైతు అనాదిగా చేయుచున్న ప్రయోగమునే ఆచార్యులు కొండమీద చేసి చూచిరనవచ్చును.

తరువాత 1907లో ఇంగ్లండున ఫ్లెచర్, హాప్కిన్స్ అనువారు, అలసిన కప్పకండరమున లాక్టికు ఆమ్లము చేరుననియు, ఆమ్లజని తగిలినపుడు అది తగ్గిపోవుననియు నిరూపించిరి. హిల్ కండరమునుండి పుట్టు వేడిమిని సూక్ష్మముగా కొలిచెను. మేయర్‌హోఫ్ లాక్టికు ఆమ్లమునకును, కండరము గ్రహించు ఆమ్లజనికిని గల నియతసంబంధమును కనుగొనెను. 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము ఈ ఇరువురికిని లభించినది. అప్పటికి లోకమున స్థిరపడిన భావన ఇది: కండరములోని గ్లైకోజెన్ అను పిండిపదార్థము విరిగి లాక్టికు ఆమ్లమగును, ఆ ఆమ్లమే కండరమును ముడుచుకొనజేయును. నోబెలు ముద్ర పడిన సిద్ధాంతమును శంకించుటకు ఎవరికిని ధైర్యము చాలదు. అయిదేండ్లలో దానికి మొదటి దెబ్బ తగిలినది. ఆ దెబ్బ తగిలించినవారిలో ఒకరు బోస్టను నగరమున అద్దెగదిలో కాలము గడుపుచున్న భీమవరపు వైద్యుడు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు మద్రాసు హిందూ ఉన్నతపాఠశాలనుండి కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చేరినపిమ్మట గాంధీమహాత్ముని పిలుపువలన ఖద్దరు అంగీ ధరించి శస్త్రవైద్యశాలలో ప్రవేశించిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునికది కిట్టలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే దక్కినది.

ఈ లోపుగా ఆ యింట పిడుగు పడినది. సోదరులిరువురు స్వల్పవ్యవధిలో స్ప్రూ అను ప్రేగువ్యాధివలన మరణించిరి. ఆయుర్వేదమున గ్రహణి అని చెప్పబడు రోగములకు ఇది దగ్గరిది. ఈ వ్యాధిలో చిన్నప్రేగు లోపలి పొరమీదనుండు, మఖమలు నూగును పోలిన సూక్ష్మాంకురములు క్షీణించును. అన్నము ఎదుట నున్నను, రోగి తిన్నను, అది ఒంటబట్టదు. క్రొవ్వు గ్రహింపబడక బయటికి పోవును, రక్తము పలుచనగును, దేహము ఎండిన కట్టె యగును. సుబ్బారావుగారికి కూడ ఆ వ్యాధి సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన కోలుకొనిరని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. పిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలయందే శరీరనిర్మాణశాస్త్రమును బోధించిరి. పాశ్చాత్యవైద్యమున పట్టమొంది ఆయుర్వేదకళాశాలలో కొలువు చేయుట ఆనాడు చిన్నతనముగా ఎంచబడెడిది. ఆయన అట్లు భావించినట్లు కనబడదు.

మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయముతోడను, కాకినాడ సత్యలింగనాయకరు ధర్మనిధి వాగ్దానముతోడను, 1923 అక్టోబరు మాసాంతమున ఆయన బోస్టను చేరి, హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశించిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి. మూడేండ్లలో తిరిగివత్తునని చెప్పి వెళ్లిన భర్త మరల రాలేదు. ఈ చరిత్రలో ఆమె పేరు ఒక్క పంక్తికి మించి ఎచ్చటను కనబడదు. చెప్పదగినది లేక కాదు, అడిగినవారు లేక.

అమెరికాలో వైద్యవృత్తి చేయుటకు ఆయన పట్టము చెల్లలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేసి పొట్టపోసికొనుచు, పగలు హార్వర్డు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునికడ పరిశోధనకు కూర్చుండిరి. ఫిస్క్ అప్పగించిన సమస్య రక్తములోను మూత్రములోను ఉండు భాస్వరమును కొలుచు సులభమార్గమును కనుగొనుట. చూచుటకు ఇది వంటింటి పనివలె అల్పముగా తోచును. కాని శాస్త్రచరిత్రలో క్రొత్త కొలబద్ద పుట్టినప్పుడెల్ల క్రొత్త లోకమొకటి కనబడినది.

ఆ పద్ధతి యిట్టిది. భాస్వరమున్న ద్రవమునకు ఆమ్లసమక్షమున మాలిబ్డేటు కలిపినచో ఒక సంయోగము ఏర్పడును. దానికి తగిన క్షయకరణద్రవ్యమును చేర్చగా నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత హెచ్చుగా నున్న, నీలిమ అంత గాఢముగా నుండును. తెలిసిన పరిమాణముగల ద్రవముతో పోల్చి లెక్క తెలిసికొనవచ్చును. పూర్వమున్న పద్ధతులలో రంగు నిలుకడగా నుండెడిది కాదు. తగిన ద్రవ్యమును ఎన్నుకొని, త్వరగా రంగు తేలునట్లు ఫిస్క్, సుబ్బారావుగార్లు సవరించిరి. 1925లో ఇది ప్రకటింపబడినది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేరుతో నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని నేర్చుకొనుచునే యున్నారు. మన కళాశాలలలో ఆ నీలిరంగును గాజునాళికలో చూచిన బాలబాలికలలో ఎందరికి ఆ రెండవ పేరు భీమవరపువాడిదని తెలియునో చెప్పజాలము.

ఇక అసలు విశేషము. ఈ పద్ధతిని కండరపురసమునకు వర్తింపజేసినపుడు రంగు వెంటనే తేలలేదు. శుద్ధభాస్వరద్రవమున త్వరగా పూర్తియగు నీలిమ, కండరరసమున మెల్లమెల్లగా, నిముసములు గడచినకొలది హెచ్చుచుండెను. మరియొకరైన దీనిని పద్ధతిలోని లోపమని తలచి, కొంతసేపాగి లెక్క వ్రాసికొని ఊరకుందురు. వీరట్లు చేయలేదు. రంగు మెల్లగా వచ్చుచున్నదన్న, భాస్వరము మెల్లగా విడుదలయగుచున్నదని అర్థము. మెల్లగా విడుదలయగుచున్నదన్న, అంతకు పూర్వము దేనితోనో కూడియున్నదని అర్థము. కండరములోని స్వతంత్రభాస్వరమని అంతవరకు అందరును లెక్కించినదానిలో అధికభాగము స్వతంత్రమైనది కానేకాదు; ఆమ్లము తగిలినంతనే విడిపోవు ఒక దుర్బలసంయోగముగా నుండినది. పరీక్షించువాని చేతిలోనే అది నశించుచుండుటచేత ఎవరికిని చిక్కలేదు.

ఆ సంయోగమున భాస్వరముతో జతగూడినది మరేదియో కాదు, షెవ్రూల్ కనుగొన్న క్రియాటినే. పిల్లికండరమును విద్యుత్తుతో ప్రేరేపించి పనిచేయించినపుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ తగ్గిపోయెను. విశ్రాంతి నిచ్చినపుడు మరల చేరుకొనెను. 1927లో సైన్సు అను పత్రికలో ఈ ఫలితము వెలువడినది. అదే సంవత్సరమున ఇంగ్లండున ఎగుల్టన్ దంపతులు కప్పకండరమున ఇట్టి దుర్బలభాస్వరసంయోగమునే వేరుగా గుర్తించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరిడిరి. దాని రసాయననిర్మాణమున క్రియాటిన్ కలదని నిర్ణయించినవారు ఫిస్క్, సుబ్బారావుగార్లు. బోనులో నక్కకును వేటలో నక్కకును భేదమేమని ఎనుబదియేండ్లక్రితము పుట్టిన ప్రశ్న ఇచ్చటికి వచ్చి చేరినది.

నోబెలు సిద్ధాంతమునకు అంతిమఘాతము కోపెన్‌హేగను నగరమున తగిలినది. లుండ్స్‌గార్డ్ అను యువశాస్త్రజ్ఞుడు 1930లో అయొడో ఎసిటిక్ ఆమ్లము నెక్కించి కండరమున లాక్టికు ఆమ్లము పుట్టకుండ జేసెను. అయినను కండరము కొంతసేపు ముడుచుకొనుచునే యుండెను! ఆ కాలమున తరిగిపోయినది ఫాస్ఫోక్రియాటిన్. హిల్ పండితుడు పంతము పట్టలేదు. కండరశాస్త్రమున విప్లవము వచ్చినదని 1932లో తానే వ్రాసి, తన పూర్వమతమును సవరించుకొనెను. హిల్, మేయర్‌హోఫులకు వచ్చిన బహుమానము వ్యర్థమైనదని మనవారు కొందరు చెప్పుచుందురు. అది సరికాదు. వారు కొలిచిన వేడిమియు, ఆమ్లజని లెక్కలును నేటికిని నిలిచియున్నవి. కూలినది లాక్టికు ఆమ్లమే ముడుపునకు కారణమన్న ఊహ మాత్రమే.

1929లో మరియొక ఆవిష్కరణము జరిగినది. మేయర్‌హోఫ్ ప్రయోగశాలకు చెందిన కార్ల్ లోమన్ జర్మనీలోను, ఫిస్క్, సుబ్బారావుగార్లు బోస్టనులోను ఒకే సంవత్సరమున, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసిరి. తెలుగున వెలువడు వ్యాసములు అనేకములందు ఏ.టి.పి.ని కనుగొన్నది సుబ్బారావుగారొక్కరే యని వ్రాయుట కలదు. మరియొకప్రక్క విదేశపుగ్రంథములలో లోమన్ పేరొక్కటే మిగిలి, బోస్టను జంట మరుగైపోయినది. ఈ రెండును అసత్యములే. లోమన్ పేరును తుడిచివేసినచో సుబ్బారావుగారి కీర్తి పెరుగదు; తుడుపుడు పట్టుబడినపుడు నిజమైన భాగముకూడ సందేహమునకు లోనగును. పిల్లలకు పాఠము చెప్పువారు ఈ విషయమున మిక్కిలి జాగరూకులై యుండవలెను. ఫిస్క్ విషయమునను తీర్పు తేలిక కాదు. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్క్ అసూయవలన వెలుగు చూడక, పిమ్మట ఇతరులచే మరల కనుగొనబడవలసివచ్చెనని, 1988 నోబెలు గ్రహీతయగు హిచింగ్స్ అభిప్రాయపడెను. ఐనను ఆ మొదటి దినములలో నిలువనీడ లేని విదేశీయునికి ప్రయోగశాలలో చోటిచ్చినవాడును ఫిస్కే.

ఇప్పుడు మంగళగి రైతుకడకు మరలిరావచ్చును. అతడు జొన్నలబస్తాను ఒక్క ఊపున భుజముపై కెత్తినపుడు వ్యయమగునది కండరమున సిద్ధముగానున్న ఏ.టి.పి. అది కొన్ని క్షణములకు మాత్రమే చాలును. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరమును దానమిచ్చి, వ్యయమైన ఏ.టి.పి.ని పూరించును. ఈ చర్యను 1934లో నిరూపించినవాడు లోమనే. దీని బలముకూడ పూర్తి వేగమున పది క్షణములకు అటునిటుగా ముగియును. అంతకుమించి పరుగెత్తవలసినచో గ్లైకోజెన్ విరిగి లాక్టికు ఆమ్లమగుచు శక్తి నిచ్చును. గంటలతరబడి కలుపు తీయుటవంటి మందగతి పనికి ఆమ్లజనితో పిండిపదార్థమును క్రొవ్వును నిదానముగా దహించుటయే ఆధారము. కనుక ఏ.టి.పి. చేతిలోని చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ మొలలోని సంచి, గ్లైకోజెన్ ఇంటిలోని గాదె, క్రొవ్వు భూమిలోని పాతర. ఒక్క క్షణమున శరీరమందున్న ఏ.టి.పి. గ్రాములలోనే లెక్కింపదగినది, కాని అది విరిగి మరల కట్టుకొనుచు ఒక దినమున తిరుగు మొత్తము మనుష్యుని తూకమునకు దరిదాపులనుండునని శాస్త్రజ్ఞుల గణన. లాక్టికు ఆమ్లముకూడ పూర్వము తలచినట్లు కేవలము మలినము కాదు. గుండె దానిని ఇంధనముగా వాడుకొనును. కాలేయము దానిని మరల చక్కెరగా మార్చును.

హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి లభింపకపోవుటచే, 1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివరునందున్న లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనాధ్యక్షులైరి. అచ్చటి ఔషధములకథ సుప్రసిద్ధము గనుక ఇచ్చట విస్తరింపము. బోదకాలునకు హెట్రజాన్, రక్తపుక్యాన్సరునకు ప్రథమౌషధములగు ఫోలికామ్ల ప్రతికూలద్రవ్యములు, ఇవన్నియు ఆ శాఖనుండి వెలువడినవే. ఈ వ్యాసమునకు కావలసినవి రెండు. 1945లో ఆయన బృందమువారు ఫోలికామ్లమును కృత్రిమముగా నిర్మించి ప్రకటించిరి. దానిని పరీక్షించుటకు సాధనములుగా ఉపయోగపడినవి ఆ విటమిను లేనిదే పెరుగనేరని లాక్టోబేసిల్లస్ మొదలగు సూక్ష్మజీవులు. పెరుగును తోడుపెట్టు జాతికి చెందిన ప్రాణులే ఒక మహౌషధమునకు తక్కెడయైనవి! ఆ ఆమ్లము స్ప్రూ రోగుల కీయగా వారి నెత్తురు కోలుకొనెను, ఆకలి పుట్టెను. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న వ్యాధికి మందు దొరకినది. అప్పటికి వారు గతించి పాతికేండ్లు.

రెండవది ఆరియోమైసిన్. ఆ శాఖయందే డగ్గర్ అను వృద్ధవృక్షశాస్త్రజ్ఞుడు మన్నులోని ఒక సూక్ష్మజీవినుండి దీనిని సాధించెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున ఇది తొలిబిడ్డ. 1948 వేసవిలో లోకమునకు ప్రకటితమైనది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో పరమపదించిరి. ఉష్ణదేశపు స్ప్రూ వ్యాధిలో చిన్నప్రేగునందు అనుచితములగు సూక్ష్మజీవులు పెరుగుటయు కారణములలో ఒకటియని తరువాతికాలమున తెలిసినది. నేడు వైద్యులు ఆ రోగమునకు కలిపి యిచ్చునవి ఫోలికామ్లమును టెట్రాసైక్లినును. ఈ రెండవ మందు స్ప్రూకు పనికివచ్చునని తెలియకముందే ఆయన కన్నుమూసిరి.

ప్రేగును గూర్చిన ఈ ప్రసంగము మనలను దక్కనునకు కొనివచ్చును. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినపుడు బీదరు జిల్లానుండి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు మెదకు జిల్లాలో కలిసినవి. మంగళగి మొదలగు గ్రామములు మైసూరు రాష్ట్రమున నిలిచినవి. పటములో గీత పడినదిగాని జొన్నచేనిలో పడలేదు. గీతకు ఇరుప్రక్కల అదే రొట్టె, అదే అంబలి. రెండేండ్లకు, అనగా 1958లో, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయము హైదరాబాదునకు తరలివచ్చినది. 1918లో మెకారిసన్ బెరిబెరి విచారణగా ప్రారంభించిన ఆ సంస్థయే 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యైనది. అది దక్కనునకు వచ్చినంతనే ఎదురైన వింత పెల్లాగ్రా. ఎండ సోకుచోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతిచాంచల్యము దీని లక్షణములు. పాశ్చాత్యదేశములలో ఇది మొక్కజొన్నయే గతియైన బీదల వ్యాధి. ఇచ్చట జొన్నయే గతియైన బీదలలో కనబడినది. డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్యగార్లు 1960లో జొన్నలోని లూసిన్ అను ఆమినో ఆమ్లపు ఆధిక్యము దీనికి హేతువు కావచ్చునని ప్రతిపాదించిరి. ఆ వాదముపై పిమ్మట చాల చర్చ జరిగినది. కాని వ్యాధికి మందు నికోటినిక్ ఆమ్లమనుటలో వివాదము లేదు. ఆ విటమినునుండి శరీరము నిర్మించుకొను ద్రవ్యమే పిండిపదార్థము దహింపబడునపుడు ఉదజనిని మోసికొనిపోయి ఏ.టి.పి. తయారగుటకు తోడ్పడునది. పెల్లాగ్రా రోగి కాళ్లలో సత్తువ లేదనుట సామాన్యపుమాట కాదు. పప్పు, పాలు, ఆకుకూరలు జొన్నతో చేరిన యిండ్లలో ఈ వ్యాధి కనబడుట అరుదు. కనుక జొన్నను అమృతమని పొగడువారును, బీదకూడని ఏవగించువారును సగముమాత్రమే చూచినవారు.

జొన్న విషయమున వేరొక గుణము ఇటీవల గమనమునకు వచ్చినది. దాని పిండిపదార్థము దానిలోని మాంసకృత్తుల పొరలలో చిక్కుకొనియుండుటవలన నెమ్మదిగా జీర్ణమగును. వండి చల్లార్చిన అన్నమునను, సంకటియందును పిండిపదార్థములో కొంతభాగము గట్టిపడి చిన్నప్రేగునకు లొంగక పెద్దప్రేగునకు చేరును. ఉల్లిలోను వెల్లుల్లిలోను ఇనులిన్ జాతికి చెందిన పదార్థములు కలవు. వానిని జీర్ణముచేయు శక్తి మనుష్యుని ప్రేగునకు లేదు. ఇట్లు మనకు అరుగక, పెద్దప్రేగులోని మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమగు ద్రవ్యములకు గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అను శాస్త్రజ్ఞులు 1995లో ప్రీబయోటికులని పేరిడిరి. ఆ సూక్ష్మజీవులు వానిని పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యుటిరిక్ ఆమ్లములను పుట్టించును. బ్యుటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు గోడకే ఇంధనము. ప్రొపియానిక్ ఆమ్లమును కాలేయము గ్రహించును. ఎసిటిక్ ఆమ్లము రక్తముతో పోయి కండరమునందును దహింపబడును. అరుగని పదార్థమునుండియు గ్రామునకు సుమారు రెండు కెలొరీల శక్తి ఈ దారిని శరీరమునకు ముట్టును. రైతు మూటలోని ఉల్లిగడ్డ రుచికి మాత్రమే కాదన్నమాట.

2019లో బోస్టనునుండియే ఒక ఆశ్చర్యకరమైన వార్త వెలువడినది. అచ్చటి మారథాను పరుగువారి ప్రేగులలో, పరుగు ముగిసినపిమ్మట వెయిలొనెల్లా అను సూక్ష్మజీవి వృద్ధిచెందుట గమనింపబడినది. దాని ఆహారము లాక్టికు ఆమ్లము! కండరమునుండి రక్తమునకు, రక్తమునుండి ప్రేగునకు చేరిన ఆ ఆమ్లమును తిని అది ప్రొపియానిక్ ఆమ్లమును విడుచును. ఆ సూక్ష్మజీవిని ఎక్కించిన చిట్టెలుకలు తక్కినవానికంటె నూటికి పదమూడువంతులు ఎక్కువసేపు పరుగెత్తినవి. కప్పకండరమున ఫ్లెచర్, హాప్కిన్సులు చూచిన పదార్థమే నూరేండ్లకు పిమ్మట పెద్దప్రేగున మరల ప్రత్యక్షమైనది. ఇది చిట్టెలుకలలో తేలిన విషయము. మనుష్యునికి అట్టి మేలు కలుగునని రుజువు కాకుండగనే, పరుగునకును వ్యాయామమునకును పనికివచ్చునని ఇనులిన్ పొడులు డబ్బాలలో విక్రయింపబడుచున్నవి. ఆ ఇనులిను అధికముగా తీయబడునది చికోరి వేరునుండి. అలవాటులేనివారు ఒక్కసారిగా హెచ్చుగా తిన్నచో కడుపుబ్బరము తప్ప వేరుఫలము శీఘ్రముగా కనబడదు.

క్రియాటిను పొడి సంగతి అట్టిది కాదు. 1992లో హారిస్, హల్ట్‌మన్ మున్నగువారు దినమునకు 20 గ్రాములవంతున కొన్నిదినములు పుచ్చుకొన్నచో కండరమున క్రియాటిను నిలువ పెరుగునని నిరూపించిరి. బరువులెత్తుట, చిన్నపరుగులు మరలమరల తీయుట మొదలగువానిలో దీనివలన కొంత ప్రయోజనము కలదని పిమ్మట అనేకపరీక్షలలో తేలినది. దీర్ఘకాలపు పరుగునందు అంతటి లాభము లేదు. శరీరము దినమునకు సుమారు ఒక గ్రాము క్రియాటినును తానే తయారుచేసికొనును. మాంసము తిననివారి కండరములలో నిలువ కొంత తక్కువగా నుండుటచే పొడియొక్క ఫలము వారిలో ఎక్కువగా కనబడును. హైదరాబాదు, బీదరు పట్టణముల వ్యాయామశాలలలో తెలుగుయువకులు నేడు ఆ తెల్లని పొడిని నీటిలో కలిపి త్రాగుచున్నారు. డబ్బామీద కండలుదేరిన యెవరో మల్లుని బొమ్మ యుండును.

కండరమును కోయకుండగనే అందలి భాస్వరసంయోగములను చూచు సాధనము 1970వ దశకమునుండి వాడుకలోనికి వచ్చినది. బలమైన అయస్కాంతపు బోలులో చేయి యుంచి కొలుచు పద్ధతి యది. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఎలుకకండరమున మొదట చూచిరి. పిమ్మట మనుష్యులయందును చూచిరి. యంత్రపు పటముమీద ఏ.టి.పి.కి మూడు శిఖరములు, ఫాస్ఫోక్రియాటినునకు ఒక్క ఎత్తైన శిఖరము కనబడును. పరీక్షకు వచ్చిన మనుష్యుడు పిడికిలి బిగించి విడుచుచున్నకొలది ఆ ఎత్తైన శిఖరము క్రుంగును, ఏ.టి.పి. శిఖరములు చాలవరకు కదలక నిలుచును. చేయి చాలించినతోడనే క్రుంగిన శిఖరము మరల లేవనారంభించి, కొలది నిముసములలో మునుపటి ఎత్తునకు వచ్చును. అది లేచుటకు పట్టు కాలమునుబట్టి వైద్యులు కండరవ్యాధులను గుర్తించుచున్నారు.